పడుకుంటే తిరిగే లోకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, భూపాలపల్లిలో బాయిలర్ల మధ్య బతికే ఇంజనీరు వైద్యం గురించి మాట్లాడటమేమిటని నవ్వకండి. మన బ్యాచ్‌లో అందరం యాభై దాటినవాళ్లమే. ఈ జబ్బు ఎక్కువగా వచ్చే వయసు అదే.

రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిలాను. ఇల్లంతా గిర్రున తిరిగింది. మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాను. అర నిమిషంలో ఆగిపోయింది. లేవబోతే మళ్లీ అదే. పక్షవాతమేమోనని భయపడ్డాను. నిచ్చెనలెక్కే ఉద్యోగం నాది, ఇక ఎక్కగలనా అన్నది రెండో భయం. మొదట చూపించుకున్న చోట మెడ ఎముకలు అరిగాయన్నారు, పది రోజులకు మాత్రలిచ్చారు. నిద్ర పట్టింది గానీ తిప్పుడు పోలేదు.

తర్వాత హనుమకొండలో ఒక చెవి డాక్టరు నా తల పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, కళ్లలోకి చూశారు. కుడివైపు పడుకోబెట్టినప్పుడు నా కనుగుడ్లు ఎగిరెగిరి పడ్డాయట. "మెడ కాదండీ, చెవి" అన్నారు. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు వివరించిన పరీక్ష అది.

సంగతేమిటంటే, లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి. మేస్త్రీ రసమట్టం లాంటివి మూడు, మూడు దిక్కులకు బిగించారనుకోండి. వాటి పక్క సంచిలో సన్నటి స్ఫటికాలుంటాయి. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే అది. అవి ఊడి నాళంలో పడితే, తల వాల్చినప్పుడల్లా లోపలి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా మెదడుకు తిరుగుతున్నట్టే కబురు వెళుతుంది. తొమ్మిదో తరగతిలో మా సైన్సు సారు నీళ్ల గ్లాసు తిప్పి ఆపి, "గ్లాసు ఆగింది, నీళ్లు ఆగాయా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు సార్, ఇప్పుడు చెబుతున్నాను.

మందుతో ఆ రేణువులు బయటికి రావు, దొర్లించాలి. అమెరికాలో జాన్ ఎప్లీ అనే డాక్టరు ఆ పద్ధతిని 1992లో ప్రచురించారు. అంతకుముందు ఏళ్ల తరబడి తోటి వైద్యులే నమ్మలేదట. కుడి చెవికైతే ఇలా: మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, తల కుడికి 45 డిగ్రీలు తిప్పాలి. అలాగే వెనక్కి పడుకోవాలి. దిండు భుజాల కింద ఉండాలి, తల కిందికి వాలాలి. తిప్పుడు వస్తుంది, భయపడొద్దు. అర నిమిషం ఆగి, తల ఎత్తకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పి ఇంకో అర నిమిషం. తర్వాత ఒళ్లంతా ఎడమవైపుకు ఒత్తిగిలి, ముఖం మంచం వైపు వాలేలా ఉంచి మరో అర నిమిషం. ఆ పక్కనుంచే మెల్లగా లేచి కూర్చోవాలి. ఎడమ చెవికైతే అంతా తారుమారు.

నేను మొదటిరోజు ఇంట్లో తొందరలో ఎడమ చెవిదే చేశాను. ఫలితం సున్నా! మా ఆవిడ కాగితం చూసి చదువుతుంటే మర్నాడు సరిగ్గా చేశాను. మూడో రోజుకు తగ్గింది. ఏడాదికి మళ్లీ వచ్చింది, మళ్లీ చేశాను. తిరగబెట్టడం దీనికి మామూలే. అందుకే ఏ చెవో మొదట డాక్టరుతో తేల్చుకోండి. మెడ నొప్పి, వెన్ను సమస్య, కంటి రెటీనా జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా చేయొద్దు. మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, వస్తువులు రెండుగా కనబడటం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా కసరత్తు కాదు, నేరుగా ఆసుపత్రికే.

ఇదంతా చెప్పడానికి ఇంకో కారణముంది. నాన్నది రైల్వే ఉద్యోగం. జనగామలో నా చదువయ్యాక మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు. అక్కడ అమ్మ ఒక చలికాలమంతా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. "పండుకుంటే మంచం తిరుగుతది బిడ్డా" అనేది. దిష్టి తీశారు, బీపీ మాత్రలు మార్చారు. అది ఇదేనని ఇప్పుడు రుజువు చేయలేను, అమ్మ లేదు. గుర్తులన్నీ మాత్రం ఇవే. అప్పటికి ఎప్లీ పద్ధతి వచ్చి పదేళ్లు దాటింది.

భోజనాల వేళయింది. ఇక్కడి బెంచీల మీద ఎవరూ ప్రయత్నించకండి, ఇంట్లో పక్కన ఒక మనిషిని పెట్టుకుని చేయండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఏ సారుకైనా పడుకుంటే తల తిరుగుతుంటే, నన్ను పిలవండి సార్, మంచి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతాను.