చిన్న వ్యాపారం, ఉమ్‌జాట్స్‌ష్టోయర్: ఫారంలో ఆ ఒక్క ప్రశ్న
(ఆలయ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఫ్రైబర్గ్ కుటుంబాల్లో సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టేవాళ్ళు పెరుగుతున్నారు. ఒకరు పిల్లలకు నాట్యం నేర్పుతారు, ఒకరు చీరలు తెప్పించి అమ్ముతారు, ఇంకొకరు కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెడతారు. పని మొదలుపెట్టిన నెలలోపు ఎల్స్టర్‌లో ఫినాన్జామ్ట్‌వారి ప్రశ్నాపత్రం నింపాలి. అందులో ఒకచోట, మీరు క్లైన్‌ఉంటర్‌నేమర్‌గా, అంటే పన్ను వసూలు చేయని చిన్న వ్యాపారిగా ఉంటారా అని అడుగుతారు. "చిన్నవాళ్ళమే కదా" అని చాలామంది టిక్కు పెట్టేసి ముందుకు పోతారు. ఈ రోజు నా మాటలన్నీ ఆ టిక్కు గురించే.

ఉమ్‌జాట్స్‌ష్టోయర్ మనకు తెలియనిదేమీ కాదు. ఆంధ్రలో 2005లో వచ్చిన వ్యాట్, 2017లో వచ్చిన జీఎస్టీ, ఇదీ ఒకే జాతి. ఇక్కడ 1968 నుంచి ఉంది. మామూలు రేటు 19 శాతం, బియ్యం, పాలు, పుస్తకాల వంటి వాటికి 7. స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు మన ఊరి దుకాణాల్లో పచ్చ చీటీలు రాయించుకుంటూ క్యూ ఆపేస్తారు చూడండి, వాళ్ళు వెనక్కి తీసుకునేది ఈ పన్నే. కొనేవాడు కడతాడు, అమ్మేవాడు వసూలు చేసి సర్కారుకు అప్పజెబుతాడు. అది మన చేతిలో ఉన్నా మన డబ్బు కాదు.

చిన్నవాళ్ళంటే ఎవరు? 2025 నుంచి లెక్క మారింది. కిందటి ఏడాది రాబడి 25,000 యూరోలు దాటకూడదు, ఈ ఏడాది రాబడి 1,00,000 దాటకూడదు. లక్ష దాటిందంటే, ఏ బిల్లుతో దాటిందో ఆ బిల్లు నుంచే పన్ను మొదలు. పని మొదలుపెట్టిన ఏడాదిలో మాత్రం పరిమితి 25,000 యూరోలే. ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోవాలి. చూసేది లాభాన్ని కాదు, రాబడిని. రెండోది, లెక్క మనిషికి, పనికి కాదు. ఒకే అమ్మాయి సంగీతం నేర్పుతూ చీరలు కూడా అమ్మితే రెండూ కలుపుతారు. భార్యాభర్తలు విడివిడిగా చేసుకునే పనులను మాత్రం కలపరు.

సరే, టిక్కు పెట్టాలా వద్దా? మీ దగ్గర కొనేది ఎవరో చూసుకోండి. నాట్యం క్లాసుకు నెలకు 50 యూరోలు తీసుకుంటున్నారనుకుందాం. పన్ను వేస్తే తల్లిదండ్రులు 59.50 కట్టాలి, లేదా మీరే మీ 50లోంచి తీసి కట్టాలి. తల్లిదండ్రులకు ఆ పన్ను తిరిగి రాదు. అలాంటివారికి టిక్కే మేలు. కంపెనీలకు పనిచేసేవారి సంగతి వేరు. కంపెనీ ఆ 19 శాతాన్ని ఫోర్‌ష్టోయర్‌గా వెనక్కి తీసుకుంటుంది, దానికి నష్టం లేదు. మీరు 1,190 యూరోలు పెట్టి పనికోసం లాప్‌టాప్ కొంటే అందులో 190 మీకూ వెనక్కి వస్తుంది. టిక్కు పెట్టినవారికి అది రాదు. నా మట్టుకు నేను కంపెనీలతో పనిచేసేవారికి పన్నులోకి రమ్మనే చెబుతాను. మూడు నెలలకోసారి లెక్క పంపడం కాస్త చాకిరీయే అనుకోండి. ఒక్క జాగ్రత్త: టిక్కు పెట్టినవారు తరువాత పన్నులోకి రావడం తేలిక, మినహాయింపు వదులుకున్నవారికి మాత్రం 5 ఏళ్ళు కట్టుబాటు.

ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా తడబడే చోటికి వద్దాం. టిక్కు పెట్టాం కాబట్టి ఈ పన్నుతో సంబంధమే లేదనుకుంటాం. మీ నాట్యం క్లాసు వెబ్‌సైటును హైదరాబాదులో ఒక డిజైనరు చేత 600 యూరోలకు చేయించారనుకోండి. ఆయన బిల్లులో జర్మనీ పన్ను ఉండదు. కానీ పని కొన్నది ఇక్కడి వ్యాపారి కాబట్టి, దాని మీద 19 శాతం, అంటే 114 యూరోలు, మీరే లెక్క చూపి ఫినాన్జామ్ట్‌కు కట్టాలి. క్లైన్‌ఉంటర్‌నేమర్‌కూ ఇది తప్పదు, పైగా వెనక్కి రాదు. ఐర్లాండు నుంచి బిల్లు పంపే కంపెనీ దగ్గర ప్రకటనలు కొన్నా ఇదే పద్ధతి. నెలకు 30, 40 యూరోలే కదా అనిపిస్తుంది, మూడేళ్ళ తరువాత ఒకేసారి అడిగితే అప్పుడు తెలుస్తుంది.

చీరలవారికి: విమానంలో వచ్చేవారికి ఉన్న 430 యూరోల మినహాయింపు సొంత వస్తువులకూ కానుకలకే. అమ్మకానికి తెచ్చినవి ఒక్క పెట్టె అయినా కస్టమ్స్‌లో చెప్పాలి. సుంకం కాక 19 శాతం దిగుమతి పన్ను పడుతుంది. ధర పెట్టేటప్పుడే అది కలుపుకోండి.

బిల్లుల విషయం. టిక్కు పెట్టినవారు బిల్లులో పన్ను చూపకూడదు, మినహాయింపు ఉందని ఒక వాక్యం రాయాలి. ఎక్కడిదో నమూనా దింపుకుంటే అందులో 19 శాతం వరుస ఉంటుంది. దాన్ని అలాగే కంపెనీకి పంపితే, బిల్లు సరిదిద్దేదాకా ఆ మొత్తం మీరు సర్కారుకు బాకీ.

ఇవన్నీ అందరికీ వర్తించే నియమాలు. మీ సొంత లెక్కకు ష్టోయర్‌బెరాటర్‌ను అడగండి, అదీ ఫారం పంపకముందే. ప్రసాదం అయ్యాక ఇక్కడే ఉంటాను. ఖాళీ ప్రశ్నాపత్రం ప్రతులు కొన్ని తెచ్చాను, ఏ ప్రశ్న ఎక్కడుందో కలిసి చూద్దాం.