చెక్క దుమ్ము – ఊపిరికి రక్షణ: మాస్కు ఎంపికలో గమనించవలసినవి

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనమంతా కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. కరువు భత్యం గురించి, బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు ఇప్పటికే సవివరంగా మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాల్లో నేను వేరొక విషయం మనవి చేస్తాను. పింఛను ఎంత పెరిగినా దాన్ని అనుభవించడానికి ఒంట్లో ఊపిరి ఉండాలి కదా!

మన సభ్యుల్లో కొందరు ఉద్యోగ విరమణ తర్వాత కాలక్షేపానికి ఇంటి వెనుక చిన్న చిన్న చెక్క పనులు చేసుకుంటున్నారు. కొందరి పిల్లలు ఫర్నిచర్ షాపులు పెట్టుకున్నారు. నేను ఆరేళ్ళుగా మా మేనల్లుడి వడ్రంగి షాపులో సాయంత్రం పూట లెక్కలు రాస్తున్నాను. సర్వీసంతా ఇండెంట్లు, కొటేషన్లు చూసిన గుమాస్తాను గనుక అక్కడి పనివాళ్ళకు మాస్కులు కొనే బాధ్యత కూడా నా మీదే పెట్టారు. ఆ సందర్భంలో తెలుసుకున్న సంగతులే ఇవి.

మొదట్లో అక్కడి పెద్ద మేస్త్రి నాతో, "పంతులుగారూ, మా తాత పొట్టులోనే పుట్టి పొట్టులోనే పెరిగాడు. ఆయనకు లేని మాస్కు మాకెందుకండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ తాతగారి కాలంలో పనిముట్లు బాడిస, ఉలి, చేతి రంపం, చిత్రిక. వాటి నుంచి వచ్చే పొట్టు చాలావరకు బరువైనది, నేల మీద పడుతుంది. ఇప్పుడు కరెంటు రంపాలు, నునుపు చేసే మిషన్లు వచ్చాయి. అవి చెక్కను పిండి చేస్తాయి. ఆ పిండి మిషను ఆపిన తర్వాత కూడా చాలాసేపు గాలిలోనే తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, 10 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు ముక్కును దాటి లోపలికి పోగలవు. మరీ సన్నవి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. పెద్దవి ముక్కులోనే నిలిచిపోతాయి.

ముక్కులో నిలిచినవి ఏం చేస్తాయని అడగవచ్చు. ఇంగ్లండులో హై వికమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరు పడింది. ఆ ప్రాంతపు ఫర్నిచరు కార్మికుల్లో, ఇతరుల్లో అరుదుగా కనిపించే ఒక రకం ముక్కు కాన్సరు ఎక్కువగా వస్తున్నదని 1960లలో అక్కడి వైద్యులు గమనించారు. 1968లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. తరువాత 1995లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ చెక్క దుమ్మును మనుషులకు కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇది కాక ఉబ్బసం, తుమ్ములు, చర్మం మీద దద్దుర్లు ఉండనే ఉన్నాయి. టేకు, రోజ్‌వుడ్ దుమ్ము కొందరికి అసలు పడదు. ఎం.డి.ఎఫ్. బోర్డు కోసినప్పుడు చెక్క పొడితో పాటు దాన్ని అతికించిన జిగురు పొడి కూడా లేస్తుంది.

ఇక ఎంపిక సంగతి. ముక్కుకు కట్టే కండువా పెద్ద పొట్టును ఆపుతుంది గాని సన్నని దుమ్మును ఆపలేదు. ఆసుపత్రిలో వాడే నీలం మాస్కుకు చెంపల పక్కన ఖాళీలుంటాయి. గాలి ఆ ఖాళీల గుండానే పోతుంది. దుమ్ము కోసం తయారు చేసిన మాస్కు వేరు. మన దేశంలో దానికి ఐ.ఎస్. 9473 అనే ప్రమాణం ఉంది. మాస్కు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఆ నంబరు, తరగతి, లైసెన్సు నంబరు ఉన్నాయేమో చూడాలి. లైసెన్సు నంబరు అసలుదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైలు యాప్‌లో మనవళ్ళ చేత చూపించుకోవచ్చు. తరగతుల్లో ఎఫ్.ఎఫ్.పి.1 కనీసం 80 శాతం, ఎఫ్.ఎఫ్.పి.2 కనీసం 94 శాతం రేణువులను ఆపాలి. ఎఫ్.ఎఫ్.పి.3 అంతకన్నా మేలైనది. 2020లో కరోనా వచ్చినప్పుడు మనందరికీ తెలిసిన ఎన్-95 అమెరికా ప్రమాణం, అది 95 శాతం ఆపుతుంది. అప్పుడప్పుడు కాసేపు చేసే చిన్న పనికి ఎఫ్.ఎఫ్.పి.2 గాని ఎన్-95 గాని వాడుకోవచ్చు. గంటల తరబడి మిషనుతో నునుపు చేసేవారికి, టేకు, ఎం.డి.ఎఫ్. కోసేవారికి ఎఫ్.ఎఫ్.పి.3 మంచిది. రోజూ పని చేసేవారికి ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్కు మొదట్లో ఖరీదు అనిపించినా ఎక్కువ కాలం వస్తుంది.

మనకు ఆఫీసులో అలవాటైన పద్ధతి తక్కువ కొటేషనుకు ఆర్డరు ఇవ్వడం. మాస్కుల విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఎంత గొప్ప ఫిల్టరైనా అంచు దగ్గర సందు ఉంటే దుమ్ము ఆ సందులోంచే దూరుతుంది. అందుచేత నేను మూడు రకాలు నమూనాకు తెప్పించి, ఆరుగురు పనివాళ్ళ ముఖాలకూ పెట్టించి చూశాను. ఒక రకం నలుగురికి కుదిరింది, మరొకటి ఒకరికి కుదిరింది. సన్న ముఖం కుర్రవాడికి మూడూ వదులే. "మావయ్యా, ఒక్కడి కోసం మళ్ళీ వేరే తెప్పించాలా?" అన్నాడు మా మేనల్లుడు. తెప్పించాలనే చెప్పాను. చిన్న సైజు వచ్చేదాకా ఆ కుర్రవాణ్ణి మిషను దగ్గరకు పంపలేదు.

కుదిరిందో లేదో చూసుకునే పద్ధతి సులభమే. చెవులకు తగిలించేదాని కన్నా తల వెనుకకు రెండు పట్టీలు ఉన్నది గట్టిగా కూర్చుంటుంది. పై పట్టీ నడినెత్తి వైపు, కింది పట్టీ మెడ వెనుక ఉండాలి. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్ళతో నొక్కాలి. రెండు అరచేతులతో మాస్కును మూసి గాలి వదిలితే అంచుల్లోంచి గాలి తగలకూడదు. కవాటం ఉన్న మాస్కయితే గట్టిగా గాలి పీల్చాలి, అప్పుడు మాస్కు కొద్దిగా లోపలికి లాగినట్లు కావాలి. కళ్ళజోడు మసకబారుతుంటే ముక్కు దగ్గర సందు ఉందన్నమాట.

మన వయసు వారికి ఒక ముఖ్య విషయం. పళ్ళసెట్టు ఉన్నవారు పని చేసేటప్పుడు సెట్టు పెట్టుకుంటారో తీసేస్తారో, మాస్కును కూడా అలాగే సరిచూసుకోవాలి. పళ్ళు తీస్తే బుగ్గలు లోపలికి పోయి మాస్కు వదులవుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగిన తర్వాతే వాడాలి. మాస్కులోంచి ఊపిరి పీల్చడానికి కొంత శ్రమ పడాలి.

గడ్డం కూడా అడ్డే. అంచు కింద రెండు రోజుల గడ్డం ఉన్నా సందు ఏర్పడుతుంది. అయ్యప్ప దీక్షలో ఉన్న స్వాములు గడ్డం తీయరు, తీయమని అనకూడదు కూడా. మా షాపులో ఆ 41 రోజులూ వారికి కొలతలు, బిగింపు పనులు అప్పగిస్తున్నాము.

వార్నిషు, థిన్నరు వాసనను దుమ్ము మాస్కు ఆపదు. దానికి బొగ్గు నింపిన ఫిల్టరు కావాలి. రంగు పనికీ దుమ్ము పనికీ ఒకే మాస్కు సరిపోతుందనుకోవడం ప్రమాదం.

వాడిన మాస్కును మేకుకు తగిలించకుండా మూత డబ్బాలో పెట్టాలి. పట్టీ సాగినా, తడిసినా, చిరిగినా, గాలి ఆడటం కష్టమైనా మార్చాలి. ఒక్క రోజుకేనని రాసి ఉంటే ఒక్క రోజే వాడాలి.

అయితే మాస్కు చివరి కాపలా మాత్రమే. దుమ్ము పుట్టిన చోటే మిషనుకు గొట్టం తగిలించి పీల్చివేయడం ముందు చేయవలసిన పని. పొడి చీపురుతో ఊడ్చినా, బట్టల మీద గాలి కొట్టుకున్నా కూర్చున్న దుమ్ము మళ్ళీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. మిషను ఆగిన వెంటనే మాస్కు తీయకుండా బయటికి వచ్చిన తర్వాతే తీయాలి.

ఇంట్లో, షాపులో చెక్క పని చేసే పిల్లలు ఉన్నవారు ఈ రాత్రే వారి మాస్కు మీద ఏం రాసి ఉందో చదవండి. పెట్టించి అంచులు చూడండి. వారి దగ్గర జీతానికి పనిచేసే కుర్రవాళ్ళకు కూడా అదే తరగతి మాస్కు ఇస్తున్నారో లేదో అడగండి. పెద్దవాళ్ళం అడిగితే కాదనరు.