ఆర్థిక కార్యదర్శి సిద్ధాంతవ్యాసము

అధికారపీఠమును అధిష్ఠించినవాడు నడివయస్సున మరల విద్యార్థియై, తన వాక్యమునకు ఆధారమేదని పరీక్షకులు ప్రశ్నింపగా వినయముతో సమాధానము చెప్పుకొనుట సామాన్యమైన సాధన కాదు. భౌతికశాస్త్రము చదివి, 1972లో ఐ.ఎ.ఎస్.కు ప్రథమస్థానమున ఎన్నికైన దువ్వూరి సుబ్బారావుగారు, ఉద్యోగపర్వము నడుమ అర్థశాస్త్రమునకు మరలి, రాష్ట్రస్థాయి కోశసంస్కరణలపై సిద్ధాంతవ్యాసము రచించి డాక్టరేటు పొందిరి. 1993 నుండి 1998 వరకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక కార్యదర్శిగా ఆ కోశసంస్కరణల చిక్కులనే అనుదినము ఎదుర్కొనిన వారగుటచేత, ఆ విషయము వారికి కేవలము గ్రంథాలయమునకు చెందినది కాదు.

2008 సెప్టెంబరు 5న సుబ్బారావుగారు రిజర్వుబ్యాంకు గవర్నరు పదవి స్వీకరించిన పదిదినములకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను పెట్టుబడి బ్యాంకు కూలి, ప్రపంచ ఆర్థిక సంక్షోభము ముదిరినది. అట్టి వేళ నిర్ణయమునకు విలంబము కూడదు, ఆధారములా అసంపూర్ణములు. పరిశోధకునికి గల నిరీక్షణసౌకర్యము పాలకునికెక్కడిది? అయినను తెలిసినదానిని, ఊహించినదానిని వేరుపరచి చూచు అభ్యాసము పరిశోధన నేర్పునదే గదా! ఆధారములను కాగితములందే వెదకక, అటుపిమ్మట రిజర్వుబ్యాంకు ప్లాటినం ఉత్సవ సంవత్సరమున వారు గ్రామములకేగి, ద్రవ్యోల్బణమును గూర్చియు, బ్యాంకుసేవలను గూర్చియు గ్రామీణులతో స్వయముగా ముచ్చటించిరి.