మగ్గమింటికి వచ్చిన చిన్న గణకయంత్రము



నేతపని యనగానే మగ్గము, నాడె, పడుగు, పేక మనస్సునకు వచ్చును. మగ్గమెక్కుటకు ముందు ఇంటిలో జరుగు చాకిరి చీర కట్టుకొన్నవారికి కనబడదు. అట్టి చాకిరిలో ఆసు పోయుట యొకటి. పోచంపల్లి ప్రాంతమున నేయు చిటికి చీరలకు, పేకనూలునకు రంగు వేయుటకు ముందు, అర్ధచంద్రాకారముగా నిలిపిన చిన్న మేకుల చుట్టును నూలును వరుస తప్పక త్రిప్పి చుట్టవలెను. పిదప ఆ నూలునకు కట్లు కట్టి రంగులో ముంచుదురు. ఆసులో వరుస తప్పినచో చీరలో పువ్వు చెదరును.

చీర యొకటికి చేయి సుమారు 9,000 మారులు పోయి రావలెను. పని నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరలైనచో 18,000 మారులు. మారునకు మీటరు దూరమే యని లెక్క కట్టినను, కూర్చున్నచోటు కదలని తల్లి చేయి దినమునకు 18 కిలోమీటర్లు నడచినట్లు. ఆ నడక కూలి ఏ చిట్టాలోను చేరలేదు. భుజముల నొప్పిగా మాత్రమే మిగిలినది.

నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్న శారాజీపేట యను పల్లెలో చింతకింది మల్లేశము ఈ బాధను కన్నతల్లి లక్ష్మియందు చూచెను. బడిచదువు మధ్యలో నిలిచిన ఆ యువకుడు 1992లో ఆసు పోయు యంత్రమును చేయబూనెను. అది 1999లో నెరవేరెను. దానికి తల్లిపేరు పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. తరువాతి కాలమున ఆ యంత్రమునకు మైక్రోకంట్రోలరు అను చిన్న గణకపు చిప్పు తోడయ్యెను. 2017లో భారత ప్రభుత్వము మల్లేశమునకు పద్మశ్రీ నిచ్చెను.

గణకయంత్రము మగ్గమింటికి కొత్తచుట్టము కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున జాకార్డు అను నతడు చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గమును నడపెను. చిల్లు ఉన్నచో పోగు లేచును, లేనిచో లేవదు. పువ్వు ఆ అట్టలలోనే వ్రాయబడియుండును. ఆ అట్టల పద్ధతినే 1830వ దశకమున ఆంగ్లేయుడు బాబేజి తన గణకయంత్రపు ఊహలో చేర్చుకొనెను. కావున నేడు కంప్యూటరు మగ్గము చెంతకు వచ్చుట ఆడపడుచు పుట్టింటికి వచ్చుట వంటిది.

ఆ ఆడపడుచు నేడు అరచేతిలో ఇముడుచున్నది. ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డ్యునో, ఇంగ్లండులో 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అనునవి ఒక్క పలకపై అమర్చిన గణకములు. రెండవది తొలుత 35 డాలర్లకు అమ్మబడెను. బాలురకును బాలికలకును విద్య నేర్పుటయే దాని యుద్దేశము. ఇట్టి పలకతో ఇంటిలోని చిన్న యంత్రమును నడపదలచినవారు కొన్ని సంగతులు ఎఱుగవలెను.

పలక ఆజ్ఞ ఇచ్చును గాని బరువు మోయదు. రాస్ప్‌బెర్రీ పై కాలినుండి వచ్చునది 3.3 వోల్టుల సన్నని విద్యుత్తు. మోటారును దానికి నేరుగా తగిలించినచో పలక కాలిపోవచ్చును. నడుమ డ్రైవరు అను మఱియొక భాగము ఉండవలెను. మోటారునకు వేరుగా విద్యుత్తు ఈయవలెను. స్టెప్పరు మోటారు ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క అడుగు వేయును. సామాన్యముగా 200 అడుగులకు ఒక చుట్టు పూర్తియగును. రాస్ప్‌బెర్రీ పై ఒకే మారు పలు పనులు చూచుకొనుచుండును గనుక దాని ఆజ్ఞ ఒక్కొక్కప్పుడు క్షణమాత్రము ఆలస్యమగును. అందుచేత అడుగుల తాళమును మైక్రోకంట్రోలరునకు అప్పగించి, నమూనాను, మొత్తపు లెక్కను పెద్దపలకయొద్ద ఉంచుట మేలు.

ఈ మోటారు గ్రుడ్డిది. విద్యుత్తు రాగానే తానెక్కడ నున్నదో దానికి తెలియదు. ఒక అంచున మీట నమర్చి, యంత్రపు చేయి దానిని తాకినచోటును సున్నగా ఎంచి లెక్క మొదలిడవలెను. నడుమ నూలు చిక్కుకొని చేయి ఆగినను పలక మాత్రము అడుగు పడినదనియే వ్రాసికొనును. చిట్టాలో నిల్వ సరిపోయినను గాదెలో ధాన్యము తగ్గుట ఇట్టిదే. కావున నడుమనడుమ మరల ఆ మీటను తాకించి లెక్క సరిచూడవలెను. విద్యుత్తు పోయినప్పుడు లెక్క చెరిగిపోకుండ ఎప్పటికప్పుడు భద్రపఱచవలెను. అన్నిటికంటె ముఖ్యము ఆపు మీట. అది పలకను అడిగి ఆపునది కారాదు. మోటారునకు పోవు విద్యుత్తును తానే త్రెంచవలెను. వ్రేలు చిక్కినవేళ పలక అనుమతికై వేచియుండ వీలు లేదు.

యంత్రము వచ్చినచో చేతిపని చచ్చునా యను ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు మన సీమలోనే కలదు. పొందూరులో ప్రత్తిని వాలుగచేప దవడ ఎముకతో శుభ్రపఱతురు. సన్ననూలు చేతితో వడుకుదురు. పోగు తెగునో నిలుచునో ముందుగా తెలిసికొనునది వడుకు స్త్రీ వ్రేలే. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుతురు. మైనముపై మెట్లను నిలుపునప్పుడు తీర్పు చెప్పునది చెవి. వ్రేలును చెవియు తీర్పు చెప్పుచోట పలకకు పని లేదు. ఆసునందు మాత్రము తీర్పు తక్కువ, తిరుగుట మిక్కుటము. పువ్వును ఊహించుట మనుష్యుని పని. తొమ్మిదివేల మారులు తప్పక లెక్కించుట యంత్రము పని. ఈ రెంటిని వేఱుచేయ నేర్చినవారికి యంత్రము సేవకురాలు, నేర్వనివారికి సవతి.

మఱియొక మాట. యంత్రము కొనగల ఇంటిలో తల్లి భుజము చల్లబడును, కొనలేని ఇంటిలో పాతనొప్పియే నిలుచును. విద్య పంచబడనిచో యంత్రము సుఖమును పంచదు. ఇరువదియైదేండ్లు పుస్తకమును ఇంటింటికిని చేర్చిన ఈ గ్రంథాలయము, రజతోత్సవమునకు గుర్తుగా, ఒక చిన్నపలకను, ఒక మోటారును బీరువా ప్రక్కనున్న బల్లపై నుంచిన బాగుండును. పుస్తకము వలెనే దానిని పదిమంది తాకవలెను, విప్పవలెను, తప్పు చేసి దిద్దుకొనవలెను. శారాజీపేటలో ఒక కుమారుడు తల్లి చేతిని చూచి లెక్క కట్టెను. ప్రతియింటను అట్టి చేయి ఒకటి యుండును. నేడు ఇంటికి పోయినవెంటనే దానిని చూచుట మొదటి పాఠము.