పర్వవిభాగం నేర్పే కార్యదీక్ష
(దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాత్రికుల సత్రాన్ని విస్తరించాలనే సంకల్పంతో మనమందరం ఇక్కడ సమావేశమయ్యాము. ఇంత పెద్ద కార్యం నా కాలంలో పూర్తవుతుందా అని వయోవృద్ధులైన దాత ఒకరు ఇందాక నన్ను ప్రశ్నించారు. దానికి సమాధానం మన ఆంధ్ర మహాభారతం వెలసిన తీరులోనే ఉన్నది.

11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భట్టారకుడు భారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నాడు. 18 పర్వాల మహాగ్రంథమది. అందులోని పర్వాల క్రమాన్ని ఆదిపర్వం ఆరంభంలోనే వివరించి, ప్రతి పర్వాన్నీ ఆశ్వాసాలుగా విభజించుకొని రచన సాగించాడు. ఆది, సభా పర్వాలు పూర్తి అయ్యాయి. అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో ఆయన రచన ఆగిపోయింది.

సుమారు రెండు శతాబ్దాల తరువాత నెల్లూరిలో తిక్కన సోమయాజి గంటం పట్టాడు. సగంలో ఆగిన అరణ్యపర్వం జోలికి పోక, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రచించి హరిహరనాథునికి అంకితమిచ్చాడు. అరణ్యపర్వాన్ని ఎందుకు విడిచాడన్నదానికి పెద్దలు పలు కారణాలు చెబుతారు. మనం గమనించవలసినది ఒక్కటే. విరాటపర్వం తనంత తానుగా నిలువగల భాగం. అక్కడ మొదలుపెట్టడం వల్ల మిగిలిన లోటు ఎంతో, ఎక్కడో స్పష్టంగా తెలిసింది. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించి, నన్నయ సంప్రదాయాన్ని అనుసరించి రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. కవులు ముగ్గురు, కాలం సుమారు మూడు శతాబ్దాలు, గ్రంథం ఒక్కటే.

విభాగమంటే ముక్కలు చేయడం కాదని నాకు తెలియజేసినది మా ఇంటి అనుభవం. మా తండ్రిగారు గ్రామదేవాలయానికి 16 స్తంభాల మండపం మొక్కుకొన్నారు. ఉత్సాహంకొద్దీ స్తంభాలన్నీ ఒకేసారి ఎత్తించారు. అవి నడుమెత్తు లేచేసరికి ధనం అయిపోయింది. మరుసటి ఏడాది ఆయన పరమపదించారు. పునాది ఎంత లోతో, ఏ కొలతలు అనుకొన్నారో ఎక్కడా వ్రాసి పెట్టలేదు. పన్నెండేళ్లు ఆ స్తంభాలు ఎండకు ఎండి, వానకు తడిశాయి. భక్తులకు నీడ మాత్రం దొరకలేదు. చివరకు మేము గర్భగుడి ముందున్న నాలుగు స్తంభాలను మాత్రమే పూర్తిచేసి పైకప్పు వేయించాము. ఆ సంవత్సరమే దాని క్రింద కల్యాణం జరిగింది. అది చూసిన గ్రామస్థులు తరువాతి భాగాలకు తామే ముందుకు వచ్చారు.

కనుక మన సత్రం విషయంలో మూడు నియమాలు పాటించాలని మనవి చేస్తున్నాను.

మొదటిది, ఆలోచన అఖండంగా ఉండాలి. నీటి గొట్టాలు, మురుగు కాలువలు, మెట్ల స్థానాలు మొత్తం కట్టడానికి సరిపడేలా ముందే నిర్ణయించాలి. వీటిని భాగాలవారీగా ఆలోచిస్తే రేపు కట్టినదాన్ని పడగొట్టవలసి వస్తుంది.

రెండవది, పూర్తి అయిన ప్రతి భాగమూ వెంటనే సేవకు పనికిరావాలి. ముందు ఒక వరుస గదులు కట్టి, నీరు, దీపం, స్నానపు గదులు అమర్చి యాత్రికులకు అప్పగించాలి. ఆ తరువాతనే రెండవ వరుసకు శంకుస్థాపన చేయాలి.

మూడవది, ప్రతి భాగం ముగిసినప్పుడు కొలతలు, పటాలు, జమాఖర్చులు, మిగిలిన పని వివరాలు వ్రాసి కార్యాలయంలో భద్రపరచాలి. మన తరువాత వచ్చేవారికి మనం చేతికందించే అనుక్రమణిక అదే.

నన్ను ప్రశ్నించిన పెద్దలకు వినయపూర్వకంగా విన్నవిస్తున్నాను. సత్రం మొత్తం మీ కాలంలో పూర్తి అవుతుందని నేను హామీ ఇవ్వలేను. మీ ద్రవ్యంతో తలపెట్టిన వరుస మాత్రం సగంలో నిలిచిపోకుండా చూడటం మా బాధ్యత. అందులో మొదటి రాత్రి బస చేసే యాత్రికుణ్ణి మీరు కన్నులారా చూడాలని స్వామివారిని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.