తడ దాటిన తరువాత

(నేపాళ యాత్రనుండి తిరిగివచ్చిన సభ్యులను అభినందించుటకై మన సంఘమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేపాళ యాత్ర ముగించుకొని క్షేమముగా ఇల్లు చేరిన మా నలువదియిద్దరి పక్షమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పూర్వము యాత్రకు పోయివచ్చినవారు కాశీ సమారాధన చేసి, దారములు పంచి, చూచిన వింతలు పదిమందికి చెప్పెడివారు. దారములును ముక్తినాథ ప్రసాదమును ఇదివరకే మీ యిండ్లకు చేరినవి. ఇక మిగిలినది చెప్పుట. ఆ చెప్పుటను గూర్చియే నేడు మనవి చేయదలచితిని.

మేము చెన్నపట్టణమున బస్సెక్కి కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశి చేరితిమి. అచ్చటనుండి ఉత్తరముగా గోరఖ్‌పూరు దాటి, సునౌలీ కడ నేపాళ దేశమున ప్రవేశించితిమి. లుంబిని, పొఖరా, ముక్తినాథము, ఖాట్మండు దర్శించి, తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ, విశాఖపట్టణముల మీదుగా సముద్రతీర మార్గమున వచ్చితిమి. మొత్తము ఇరువదియేడు దినములు.

ఈ దారిలో అధిక భాగము క్రొత్తది కాదు. 1830వ సంవత్సరము మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఇదే చెన్నపట్టణమునుండి కుటుంబముతోను పరివారముతోను, దాదాపు నూరుమందితో కాశికి బయలుదేరిరి. ఆయన ఇచ్చటి సుప్రీంకోర్టులో దుబాసీ. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటపాత్రలు, ఇన్నింటితో ఒక చిన్న ఊరే కదలిపోయినట్లుండెను గాబోలు. కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథము, విశాఖపట్టణము, నెల్లూరు, ఈ వరుసన రెండువేల మైళ్ళకు మించిన దూరము తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆయనకు పదునైదు నెలలు పట్టినది. మాకు నెలయైనను పట్టలేదు. కాని ఆయన తిరిగివచ్చినట్లు మేము తిరిగివచ్చితిమా అని నేను నన్నే ప్రశ్నించుకొనుచున్నాను.

ఏలయందురా? ఆయన ప్రతి మజిలీలోను ఊరి పేరు, దూరము, త్రాగునీటి వసతి, అంగళ్ళు, దిగుటకు తావు, బాట మంచిచెడ్డలు వ్రాసికొనుచు, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారను మిత్రునికి తెలియజేయుచుండిరి. వీరాస్వామయ్యగారు 1836లో కీర్తిశేషులైరి. ఆ మిత్రుడే ఆ వ్రాతలను కూర్చి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చువేయించెను. దుబాసీ యనగా ఒక భాషలోని మాటను మరియొక భాషలోనికి చేరవేయువాడు. ఇంగ్లీషుతో నిత్యము పని. ఊరిలో వినబడునది అరవము. అట్టివాడు తన యాత్రను తెలుగున వ్రాసెను. అదియు పండితులు మెచ్చు తెలుగు కాదు. హిందూస్తానీ, అరవ, ఇంగ్లీషు మాటలు కలిసిన చెన్నపట్టణపు వాడుక తెలుగు. ఇంటనున్నవారికి అర్థము కావలెననుటయే ఆయన కోరిక.

ఇక మా సంగతి. నేపాళము పోవుటకు భారతీయులకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు లేనివారికి ఓటరు కార్డు చాలును. సునౌలీలో మా కార్డులన్నియు ఒక పళ్ళెములో పేర్చి అధికారికి చూపితిమి. అవి అరవమునను ఇంగ్లీషునను అచ్చయినవి. “మీరు తమిళులా?” అని ఆయన హిందీలో అడిగెను. “తమిళనాటి తెలుగువారము” అని మాలో ఒకరు బదులుచెప్పిరి. ఆయన నవ్వి, రెండును తన కొక్కటే యన్నట్లు తల యూపి పంపివేసెను. వీరాస్వామయ్యగారి కాలమున కుంపిణీ సీమ దాటి నైజాము సీమకు, అచ్చటినుండి నాగపూరు రాజ్యమునకు పోవునప్పుడు సుంకపు ఠాణాలును, నాణెములును మారుచుండెను. మాకును అట్లే మారినవి. మన నూరు రూపాయలకు నేపాళపు రూపాయలు నూట అరువది. గడియారము పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పవలసివచ్చినది. ఇవన్నియు సులభముగానే మారినవి. మారనిది ఆ ప్రశ్న: మీరెవరు?

ఆ ప్రశ్న మరల ఎదురైన తీరు వినుడు. పొఖరానుండి ముక్తినాథమునకు పోవు బాట కాళీగండకి లోయవెంట సాగును. పెద్ద బస్సును పొఖరాలో విడిచి, అచ్చటి జీపులలో ఎక్కితిమి. దారిలో కొండచరియ విరిగిపడుటచే ఆరు గంటలు నిలిచిపోవలసివచ్చినది. మాకు వెనుక నిలిచిన బండిలో గుంటూరు జిల్లా యాత్రికులు ఉండిరి. మా వంటవాడు వండిన అన్నమును, వారి గోంగూర పచ్చడియు కలిసినవి, మాటలును కలిసినవి. “మీ దే ఊరండీ?” “మద్రాసు.” “అయితే అరవవాళ్ళన్నమాట! మా తెలుగు ఎంత చక్కగా నేర్చుకొన్నారండీ!” అని ఆ పెద్దమ్మగారు నిజమైన ఆప్యాయతతో అనెను. మాలో కొందరు నవ్విరి. నాకు మాత్రము ముద్ద గొంతులో నిలిచినది. తరతరములుగా ఈ పట్టణమున నివసించుచు ఇంట తెలుగే మాటలాడు మనము, అచ్చట తెలుగు ‘నేర్చుకొన్న’వారమైతిమి. ఇచ్చట పొరుగువారికి తెలుగువారము. అచ్చట తెలుగువారికి అరవవారము.

అయితే మరునాడే దానికి సమాధానము వంటిది దొరకినది. ముక్తినాథము సముద్రమట్టమునకు మూడువేల ఏడువందల మీటర్ల యెత్తున నున్నది. వైష్ణవుల నూటయెనిమిది దివ్యదేశములలో నిది సాలగ్రామమను పేరుగలది. తిరుమంగై ఆళ్వారు పాశురములలో కీర్తింపబడినది. నూటయెనిమిది ధారల క్రింద గడ్డకట్టించు నీటిలో తడిసి వణకుచు, మాలోని ఇద్దరు వృద్ధులు ఆ ద్రావిడ పాశురములను పుస్తకము చూడకయే చదివిరి. వారు ఇంట పలుకునది తెలుగు. పూజలో పలుకునది అరవము. గుంటూరివారు చేతులు జోడించి వినిరి. “మాకు ఇది రాదండీ” అని ఆ పెద్దమ్మగారే అనెను. రెండిండ్ల బిడ్డకు రెండిండ్లలోను భోజనము దొరకవచ్చును. రెండిండ్లలోను పస్తును ఉండవచ్చును. ఏది జరుగునో అది ఆ బిడ్డ తెలివిమీదను, పెద్దల శ్రద్ధమీదను ఆధారపడియుండును.

ఈ మాట చెప్పుటకు నా కొక కారణము కలదు. మా బృందమున పదమూడేండ్ల బాలిక యొకతె యుండెను. బస్సులో అందరు నిద్రించునప్పుడును ఆమె నోటుపుస్తకమున వ్రాయుచునే యుండెను. ఖాట్మండులో ఒకనాటి రాత్రి చదివి వినిపింపుమని అడిగితిమి. ఎంత ముచ్చటగా వ్రాసినదనుకొన్నారు! లోయలోని గాలి, జీపు కుదుపు, తాతగారి వణకు, అన్నియు ఉన్నవి. అన్నియు మన యింటి తెలుగు మాటలే. పుస్తకము చేతికి తీసికొని చూచితిని. మాటలు తెలుగు, అక్షరములు అరవము. ఆమెకు తెలుగు అక్షరములు రావు.

అరవ లిపిలో క-గ లకు, ప-బ లకు వేరువేరు అక్షరములు లేవు. అది ఆ లిపికి లోపము కాదు. ఆ భాషకు ఆ లిపి చాలును. మన భాషకు మాత్రము చాలదు. ఆమె “గుడికి పోయినాము” అని వ్రాసినది. ఆమె పినతల్లి మరునాడు దానిని “కుడికి పోయినాము” అని చదివి, ఏ దారిన కుడివైపునకు తిరిగితిమా యని ఆలోచించుచు కూర్చుండెను. అందరమును నవ్వితిమి, ఆ బాలికయు నవ్వినది. కాని నలువదియేండ్ల తరువాత ఆ పుస్తకమును ఎవరైనను తెరచినయెడల, అది గుడియో కుడియో చెప్పుటకు ఆమె పినతల్లి యుండదు.

అప్పుడు నాకు లుంబినిలో చూచిన స్తంభము జ్ఞప్తికి వచ్చినది. అశోక చక్రవర్తి తాను అభిషిక్తుడైన ఇరువది యేండ్లకు బుద్ధుడు పుట్టిన ఆ స్థలమునకు స్వయముగా వచ్చి పూజించితినని, ఆ గ్రామమునకు పన్ను తీసివేసి పంటలో ఎనిమిదవ పాలు మాత్రమే ఉంచితినని దానిమీద చెక్కించెను. అదియు ఒక యాత్రికుని వ్రాతయే గదా! ఆ లిపి బ్రాహ్మి. అదే చక్రవర్తి శాసనములు అదే బ్రాహ్మిలో మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద నున్నవి. తెలుగు లిపియు, అరవ లిపియు, నేపాళీలు వ్రాయు నాగరియు ఆ బ్రాహ్మి సంతతియే. కనుక ఒక లిపి నేర్చినవారు మరియొకదానికి శత్రువులు కానక్కరలేదు, అవి అక్కచెల్లెండ్రు. రెండువేల రెండువందల యేండ్లకు పైబడిన ఆ వ్రాత నేడు అర్థమగుచున్నదనిన, దానిని చదువుట తిరిగి నేర్చుకొన్నవారు ఉండుటవలననే.

నేపాళము చిన్న దేశమే. అయినను 2021 జనాభా లెక్కలలో 124 మాతృభాషలు నమోదైనవి. నేపాళీ మాతృభాషగా గలవారు సగముకంటె తక్కువ. 2015 నాటి వారి రాజ్యాంగము నేపాళమున మాతృభాషలుగా పలుకబడు భాషలన్నియు జాతి భాషలే యని చెప్పినది. మన రాజ్యాంగమునందును 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకు విధించుచున్నది. మన రాష్ట్రమున 2006 నాటి చట్టము ననుసరించి అరవము పదవ తరగతి వరకు తప్పనిసరియైనది. అరవము నేర్చుట మనకు నష్టమని నేననను. ఆ పాశురములు చదివిన వృద్ధులను చూచినవాడెవడును అట్లనజాలడు. కాని పాఠశాలలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇంటిలోను, సంఘములోను చోటు పెరుగవలెను గదా! అది పెరిగినదా? సంఘము తరఫున ప్రభుత్వమునకు విన్నపములు పంపుచునే యుందము. ఆ విన్నపములు వ్రాయు మనము మన మనుమలకు అక్షరములు నేర్పితిమా?

తిరుగుదారిలో చివరి ఉదయము నెల్లూరు దాటితిమి. సూళ్ళూరుపేట, తరువాత తడ. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినది. చెన్నపట్టణము ఇవతల నిలిచినది. 1960లో సరిహద్దు గ్రామములు కొన్ని అటు, కొన్ని ఇటు మారినవి. వీరాస్వామయ్యగారు ఈ ప్రక్కలనే ఇంటికి మరలినప్పుడు ఇచ్చట గీత లేదు. ఇప్పుడు తడ దాటగనే అంగళ్ళ పలకలపై అక్షరములు మారును. ఆ బాలిక కిటికీ ప్రక్కన కూర్చుండి యుండెను. శ్రీకాకుళమునుండి తడవరకు రెండు దినములు తన భాష పలుకు ఊళ్ళగుండా వచ్చియు, ఒక్క పలకయు చదువలేక పెద్దలను అడుగుచు వచ్చినది. ఆరంబాకము రాగనే గడగడ చదువ మొదలిడినది. “ఇంటికి వచ్చేశాము తాతా!” అనెను. నిజమే, ఇదియే మన యిల్లు. ఈ నేలను విడిచి మనము ఎచ్చటికిని పోము. అయినను ఆ మాటలో సగము సంతోషము, సగము దుఃఖము నాకు కలిగినవి.

సోదరులారా, పోవుట కాళ్ళ పని, తిరిగివచ్చుట నోటి పని. చూచినది ఇంటివారికి చెప్పినప్పుడే యాత్ర ముగియును. చెప్పినది ఇంటివారు చదువలేనిచో యాత్రికుడు ఇంకను దారిలోనే యున్నాడు. ఆ లెక్కన వీరాస్వామయ్యగారు 1831లో చెన్నపట్టణము చేరిరి. మన యిండ్లకు మాత్రము ఇంకను చేరలేదు. ఆయన పుస్తకమును 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మరల ప్రకటించిరి. దానిని మన యిండ్లలో ఎందరు తెరచిరి? తెరచినను చదువగలవారు ఎందరు?

కావున నాదొక చిన్న ప్రార్థన. పెద్ద నిధి అక్కరలేదు, భవనము అక్కరలేదు. ప్రతి ఆదివారము ఒక గంట ఈ గదిలోనే దీపము వెలిగించి ఉంచుదము. మొదటి అరగంట అక్షరములు. తరువాతి అరగంట కాశీయాత్ర చరిత్రలో ఒక్కొక్క మజిలీ. మా బృందములో తెలుగు వ్రాయ నేర్చినవారము పదునెనిమిదిమందిమి. వంతుల ప్రకారము వచ్చి నేర్పుదుమని బస్సులోనే మాటయిచ్చుకొంటిమి. ఆ బాలిక మొదటి శిష్యురాలుగా పేరు ఇచ్చినది. ఆమె పినతల్లి రెండవ శిష్యురాలు.

ఆ అమ్మాయి తన నోటుపుస్తకమును తెలుగు అక్షరములలో తిరిగి వ్రాసిన నాడు, ఈ పత్రికలో దానిని వరుసగా ప్రకటింపవలెనని సంపాదకులను వేడుచున్నాను. ఆనాడు మేము నలువదియిద్దరమును నిజముగా ఇల్లు చేరినట్లు లెక్క. అంతవరకు మేమింకను తడ కడనే యున్నామని భావింపుడు.