పసిబిడ్డ రక్తములో తల్లి రక్షణ

(శతవార్షికోత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో దేవుడు చేసిన మేలులను లెక్కించుకొనుట న్యాయమే. అయితే మేము చేసిన ఒక తప్పును కూడ ఈ దినమున ఒప్పుకొనవలసి యున్నది. ఆ తల్లి అనుమతితోనే ఈ సంగతి చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో హెచ్.ఐ.వి. గల ఒక సహోదరి ప్రసవించినది. బిడ్డకు మూడవ నెలలో ఎవరి మాటనో విని బయట రక్తపరీక్ష చేయించిరి. చీటీమీద 'పాజిటివ్' అని వచ్చినది. ఆ మాట ఊరంతయు పాకినది. బాప్తిస్మము నాడు ఆ బిడ్డను ఎత్తుకొనుటకు మాలో ఒక్కరును చేయి చాపలేదు. అటు తరువాత ఆ తల్లి ఆరాధనకు రావడము మానివేసినది.

తీరా చూడగా ఆ బిడ్డకు హెచ్.ఐ.వి. లేదు. మరి చీటీ అబద్ధమా? కాదు. దానిని మేము అర్థము చేసికొన్న తీరే తప్పు.

శరీరములో ఏదైన రోగక్రిమి ప్రవేశించినప్పుడు, దానిని ఎదుర్కొనుటకు రక్తములో యాంటీబాడీలు పుట్టును. గర్భములోని శిశువుకు స్వంత బలము ఇంకను చాలదు. గనుక తల్లి యాంటీబాడీలు మాయ గుండా, ముఖ్యముగా చివరి మూడు నెలలలో, బిడ్డకు చేరునట్లు దేవుడు ఏర్పాటు చేసెను. గర్భిణికి ధనుర్వాతపు టీకా వేసినయెడల పుట్టబోవు బిడ్డకు కూడ కాపుదల కలుగుట ఇందువలననే. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు అడ్డుపడకుండుటకే తట్టు టీకాను మన దేశములో 9 నెలలు నిండినంతవరకు ఆపుదురు.

తల్లి రక్తములోని హెచ్.ఐ.వి. యాంటీబాడీలును ఇట్లే బిడ్డకు చేరును. అవి బిడ్డను హెచ్.ఐ.వి. నుండి కాపాడజాలవు గాని, పరీక్షలో కనబడును. సాధారణముగా చేయు పరీక్ష క్రిమిని చూడదు, యాంటీబాడీలనే చూచును. గనుక వ్యాధి సోకని బిడ్డకు కూడ 'పాజిటివ్' అనియే వచ్చును. ఆ చీటీ తల్లిని గూర్చి చెప్పుచున్నదే గాని బిడ్డను గూర్చి కాదు. ఈ యాంటీబాడీలు క్రమముగా తరిగి 18 నెలలకు పోవును.

అయితే అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. 6 వారములకే బిడ్డ మడమనుండి కొన్ని రక్తపు బొట్లు తీసి, క్రిమినే నేరుగా వెదకు పరీక్ష చేయుదురు. ప్రభుత్వము దీనిని ఉచితముగా చేయించును. ఒకసారి లేదని తేలినంత మాత్రమున చాలదు. తల్లిపాల ద్వారా కూడ సోకవచ్చును గనుక, వైద్యులు చెప్పిన గడువులలో మరల చేయించి, 18 నెలలకు తుది పరీక్షతో నిర్ధారించుకొనవలెను.

హెచ్.ఐ.వి. తల్లినుండి బిడ్డకు గర్భములోను, ప్రసవములోను, పాలవలనను సోకును. ఏ చికిత్సయు లేనప్పుడు నూరుమంది బిడ్డలలో 15 నుండి 45 మందికి సోకును. తల్లి మందులు క్రమముగా వాడి, బిడ్డకు పుట్టిన వెంటనే మందు మొదలుపెట్టినయెడల ఆ సంఖ్య 5 కంటె తక్కువకు దిగును. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒక్క జిడోవుడిన్ మందుతోనే అది నూటికి 25 నుండి 8కి తగ్గినది. మన దేశములో ఈ నివారణ కార్యక్రమము 2002లో ఆరంభమైనది. 2014 నుండి హెచ్.ఐ.వి. గల ప్రతి గర్భిణికి జీవితకాలపు మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. మందులు వాడుచున్న తల్లి మొదటి 6 నెలలు తన పాలు మాత్రమే ఇవ్వవచ్చును. ఆ కాలములో తల్లిపాలు, పోతపాలు కలిపి ఇచ్చుట మంచిది కాదు.

గనుక మా మనవి ఇది. ప్రతి గర్భిణిని తొలి నెలలలోనే పరీక్షకు పంపుడి. మందులు మానకుండ తోడుండుడి. ఒకరి చీటీలోని సంగతి మరియొకరి చెవిని వేయకుడి. 2017 నాటి చట్టము కూడ దానిని నిషేధించుచున్నది. ఎత్తుకొన్నందున, ముద్దాడినందున, ఒక కంచములో తిన్నందున హెచ్.ఐ.వి. సోకదు.

ఒకవేళ ఆ బిడ్డకు నిజముగా వ్యాధి సోకియున్నను, మేము చేయి చాపకపోవుట తప్పే. ప్రభువు కుష్ఠరోగిని మొదట ముట్టి, ఆ పిమ్మట స్వస్థపరచెనని మనకు తెలియును గదా.

తుది పరీక్ష ఫలితము తెలియకముందే మాలో నలుగురము ఆ తల్లి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగితిమి. ఆమె ఏమియు అనలేదు. బిడ్డను తెచ్చి మా చేతులలో పెట్టినది. ఇప్పుడు ఆ చిన్నవాడు ఆదివారపు బడికి వచ్చుచున్నాడు.

రానున్న నూరేండ్లలో మన సంఘములలో ఏ బిడ్డయు అట్టి బాప్తిస్మ దినమును చూడకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.